తలకు చిన్న దెబ్బ, సీటీ నార్మల్: ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐతో అధ్యయనం చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

బండి జారి పడ్డాడు. హెల్మెట్ ఉంది కాబట్టి తల పగల్లేదు. రెండు నిమిషాలు ఎక్కడున్నాడో తెలియలేదు, తర్వాత లేచి కూర్చున్నాడు. ఎమర్జెన్సీలో సీటీ తీసి "ఏం లేదు, ఇంటికెళ్లండి" అన్నారు. మూడు వారాల తర్వాత అదే మనిషి ఆఫీసులో ఒక్క ఈమెయిల్‌ని నాలుగుసార్లు చదువుతున్నాడు. ఎండ వెలుతురు చూడలేకపోతున్నాడు. పిల్లల అల్లరికి చిర్రెత్తుకొస్తోంది. ఇంట్లోవాళ్లేమో "రిపోర్టు నార్మలే కదా, ఇంకేంటి?" అంటున్నారు.

సీటీ చూసేది రక్తస్రావాన్ని, పుర్రె విరిగిందా అన్నదాన్ని, వాపుని. దెబ్బ అదురుకి ఆక్సాన్లనే సన్నని నరాల తీగలు సాగడం, కణాల్లో అయాన్ల లెక్క తప్పడం, దాన్ని సరిచేసుకోడానికి మెదడు శక్తి కోసం తంటాలు పడటం సీటీకి కనిపించవు. అందుకే మెదడు ఆకారాన్ని కాకుండా పనిని చూపించే ఫంక్షనల్ ఎమ్‌ఆర్‌ఐ (ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ) వైపు పరిశోధకులు వెళ్లారు. ఈ రంగంలో మొదటి ప్రాజెక్టు మొదలుపెట్టబోతున్న న్యూరోసైన్స్, సైకాలజీ, రేడియాలజీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. స్కాన్ తీయడం అందులో చిన్న పని. ఎవరిని ఎవరితో పోలుస్తున్నారు, కనిపించిన తేడా నాడీకణాలదా రక్తనాళాలదా అన్న రెండు ప్రశ్నల దగ్గరే చాలా అధ్యయనాలు కూలిపోతాయి.

1. యంత్రం కొలిచేది రక్తాన్ని, ఆలోచనని కాదు

బెల్ ల్యాబ్స్‌లో సీజీ ఒగావా బృందం 1990లో ఒక విషయం చూపించింది. ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్‌కి అయస్కాంత గుణం మారుతుంది, ఆ మార్పు ఎమ్‌ఆర్‌ఐ సిగ్నల్‌లో పడుతుంది. బోల్డ్ సిగ్నల్ అంటే ఇదే. మెదడులో ఒక చోట పని పెరిగితే అక్కడికి అవసరానికి మించి తాజా రక్తం వస్తుంది, సిగ్నల్ కొద్దిగా పెరుగుతుంది. కొద్దిగా అంటే నిజంగా కొద్దిగానే, ఒకటి రెండు శాతం. అదీ వెంటనే కాదు, 5, 6 సెకన్లు ఆలస్యంగా శిఖరానికి చేరుతుంది.

అంటే నాడీకణం పనిచేసిందన్న వార్తను మనకు మోసుకొచ్చేది రక్తనాళం. తలకు దెబ్బ తగిలినప్పుడు రక్తనాళాల స్పందన కూడా దెబ్బతినొచ్చు. దెబ్బ తిన్నవాళ్లలో ఒక ప్రాంతం తక్కువ వెలిగితే అక్కడి కణాలు తక్కువ పని చేశాయనుకోవచ్చు, పని మామూలుగానే జరిగినా నాళం సరిగ్గా వ్యాకోచించలేదనీ అనుకోవచ్చు. ఈ అనుమానాన్ని మొదటి రోజే డిజైన్‌లో పెట్టుకోవాలి. స్కాన్లన్నీ అయ్యాక గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

2. ప్రశ్నని కుదించండి

"తేలికపాటి దెబ్బ మెదడుని ఎలా ప్రభావితం చేస్తుంది?" అన్నది థీసిస్ టైటిల్‌కి బాగుంటుంది, ప్రయోగానికి పనికిరాదు. మంచి ప్రశ్న ఎలా ఉంటుందో చూడాలంటే 1999లో డార్ట్‌మత్‌కి చెందిన మెకాలిస్టర్ బృందం చేసిన పని చూడండి. దెబ్బ తగిలి నెల రోజులైన 12 మందిని, పోలిక కోసం ఆరోగ్యంగా ఉన్న 11 మందిని (వీళ్లనే కంట్రోల్స్ అంటారు) తీసుకున్నారు. అక్షరాలు వినిపిస్తూ ఎన్-బ్యాక్ అనే జ్ఞాపకశక్తి టాస్క్ ఇచ్చారు. 1-బ్యాక్‌లో ఇప్పుడు విన్న అక్షరం ఇంతకు ముందుదేనా అని చెప్పాలి, 2-బ్యాక్‌లో రెండు అక్షరాల క్రితం విన్నదేనా అని చెప్పాలి.

మార్కుల్లో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ 1-బ్యాక్ నుంచి 2-బ్యాక్‌కి బరువు, అంటే టాస్క్ కష్టం, పెరిగేసరికి దెబ్బ తగిలినవాళ్లలో కుడివైపు ఫ్రంటల్, పెరైటల్ ప్రాంతాలు కంట్రోల్స్ కంటే ఎక్కువగా ఎగబాకాయి. ఆ పేపర్‌లో నాకు నచ్చేది ఆ ఫలితం కంటే ప్రశ్న పెట్టిన తీరు. మెదడు ఎంత వెలిగిందని కాకుండా, బరువు పెంచితే ఎలా స్పందించిందని అడిగారు. ఆ ప్రశ్నలో ప్రతి మనిషినీ ముందు తనతోనే పోలుస్తారు.

3. ఎవరిది "తేలికపాటి" దెబ్బ?

ఇక్కడ సొంత నిర్వచనాలు పెట్టుకోకండి. 1993 నుంచి వాడుకలో ఉన్న అమెరికన్ కాంగ్రెస్ ఆఫ్ రిహాబిలిటేషన్ మెడిసిన్ కొలమానం ప్రకారం స్పృహ తప్పితే 30 నిమిషాలు దాటకూడదు, ఆ తర్వాత స్పృహ స్థాయిని కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ 13 నుంచి 15 మధ్య ఉండాలి, దెబ్బ చుట్టూ జరిగినవి గుర్తులేకపోవడం 24 గంటలు మించకూడదు. స్పృహ తప్పి తీరాలని లేదు. కాసేపు అయోమయంగా ఉన్నా లెక్కలోకి వస్తుంది. ఈ ప్రమాణాన్ని 2023లో సవరించారు. ఏ ఏడాది ప్రమాణం వాడారో రాయండి.

సీటీలో చిన్న రక్తపు మరక కనిపించినవాళ్లని కలుపుకుంటారా, వద్దా? దాన్ని ముందే తేల్చండి. వాళ్లని చాలామంది "కాంప్లికేటెడ్" అని విడిగా లెక్కిస్తారు. రెండు రకాలనీ ఒకే గంపలో వేసి సగటు తీస్తే ఆ సగటు ఎవరిదీ కాదు.

దెబ్బ తగిలి ఎన్ని రోజులైంది అన్నదీ అంతే ముఖ్యం. మూడో రోజు మెదడు, మూడో నెల మెదడు ఒకటి కావు. 5 రోజుల నుంచి 2 ఏళ్ల దాకా దొరికినవాళ్లందరినీ చేర్చుకున్న అధ్యయనాలు చదివితే ఫలితాలు ఎందుకు పొంతన లేకుండా ఉంటాయో అర్థమవుతుంది. కుదిరితే అదే మనుషులని వారంలోపు ఒకసారి, 3 నెలలకి ఒకసారి స్కాన్ చేయండి.

మన దగ్గరి ఒక చిక్కు కూడా చెప్పాలి. రోడ్డు ప్రమాదం కేసులు ఆసుపత్రిలో ఎమ్‌ఎల్‌సీగా, అంటే పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసుగా నమోదవుతాయి. పడినప్పుడు తాగి ఉన్నాడా, హెల్మెట్ ఉందా అని అడిగితే మనిషి ఒక్కసారిగా బిగుసుకుపోతాడు, మీరు పోలీసుల తరఫు అనుకుంటాడు. కేస్‌షీట్‌లో ఉన్నది, ఇంట్లోవాళ్లు చెప్పింది, అతను చెప్పింది మూడూ వేర్వేరుగా రాసుకోండి. స్పృహ ఎంతసేపు లేదని పడినవాడినే అడిగితే ఏం తెలుస్తుంది? చూసినవాళ్లని అడగాలి. పాత దెబ్బలు కూడా అడగండి. "ఇంతకు ముందు తలకు దెబ్బ తగిలిందా?" అంటే లేదంటారు. "చిన్నప్పుడు చెట్టు మీంచో మేడ మీంచో పడ్డారా? కబడ్డీ ఆడేవారా?" అంటే కథలు బయటికొస్తాయి.

లక్షణాలకి రివర్‌మీడ్ ప్రశ్నావళి వాడతారు. 16 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4. తెలుగులో అడిగేటప్పుడు జాగ్రత్త. గది తిరిగినట్టుండే "తల తిరగడం" వేరు, పడిపోతానేమో అనిపించే "కళ్లు తిరగడం" వేరు, నడకలో "తూలడం" వేరు. ఇంగ్లిష్‌లో ఒక్క మాటతో సరిపెట్టిన చోట మనవాళ్లు మూడు మాటలు వాడతారు. అనువాదం చేసి, మళ్లీ వేరొకరితో వెనక్కి ఇంగ్లిష్‌లోకి చేయించి చూసుకోండి.

4. పోలిక ఎవరితో?

నా అభిప్రాయంలో అధ్యయనం తలరాత రాసేది ఇదే. సాధారణంగా ల్యాబ్ పక్కనే ఉన్న ఎంఎస్సీ విద్యార్థులని కంట్రోల్స్‌గా పట్టుకొస్తారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, హాయిగా నిద్రపోయాడు, ఒంట్లో నొప్పి లేదు. అతన్ని ప్రమాదం జరిగి పది రోజులైన డెలివరీ బాయ్‌తో పోలిస్తే మెదడులో తేడా రాకుండా ఎలా ఉంటుంది? అయితే ఆ తేడా తల దెబ్బదా, నిద్రలేమిదా, నొప్పి మాత్రలదా, బండి రిపేరు ఖర్చు టెన్షన్‌దా అన్నది ఎవరూ చెప్పలేరు.

దీనికి మందు ఆర్థోపెడిక్ కంట్రోల్స్. అదే ఎమర్జెన్సీకి, అదే రకం ప్రమాదంతో వచ్చి, చెయ్యో కాలో విరిగి, తలకు మాత్రం దెబ్బ తగలనివాళ్లు. నొప్పి ఉంది, షాక్ ఉంది, ఆసుపత్రి అనుభవం ఉంది. తల దెబ్బ ఒక్కటే లేదు. వీళ్లని కూర్చడం కష్టమే. కాలికి వేసిన ప్లేటు, రాడ్డు ఎమ్‌ఆర్‌ఐకి పనికొస్తుందో లేదో ఒక్కొక్కరిదీ ఇంప్లాంట్ కార్డు చూసి తేల్చుకోవాలి. అయినా చేయండి. వయసు, చదువు, ఆడా మగా, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా సరిచూసుకోండి. వీలుంటే ఆరోగ్యవంతుల మూడో గుంపు కూడా పెట్టుకోండి.

ఎంతమంది కావాలి? పాత పేపర్లలో 12 మంది ఉన్నారని మీరూ 12తో ఆగకండి. టాస్క్ ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐలో ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే ఎంత నమ్మకంగా అదే ఫలితం వస్తుందని 2020లో ఎలియట్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టింది. ప్రతిసారీ అచ్చం అదే ఫలితం వస్తే 1 అనుకుంటే, సగటు 0.4 దగ్గర తేలింది. మందమైన కొలబద్ద అది. దానితో చిన్న తేడాలు పట్టాలంటే ఎక్కువమంది కావాలి. లక్షణాల తీవ్రతకి, మెదడు సిగ్నల్‌కి సంబంధం వెతకాలనుకుంటే మరీ ఎక్కువమంది కావాలి. అంతమంది దొరకని చోట ప్రశ్నని తగ్గించుకోవడమే తెలివైన పని.

5. టాస్క్ తయారీ, మా ఓ తప్పు

ఎన్-బ్యాక్‌ని తెలుగులో చేద్దామని మేం ఉత్సాహంగా అక్షరాలు రికార్డ్ చేశాం. ద, ధ, త, థ అన్నీ పెట్టేశాం. బయట గదిలో అందరూ బాగానే చేశారు. స్కానర్‌లో పడుకోబెట్టాక యంత్రం డగడగలో ద కి, ధ కి తేడా ఒక్కరికీ వినపడలేదు. నలుగురి డేటా పోయింది. వాళ్లు తప్పు చేసింది జ్ఞాపకశక్తి వల్ల కాదు, చెవికి అందక. స్క్రీన్ మీద చూపించినా ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది. మ, య, అలాగే ప, ష, వ చూపు మసకబారిన మనిషికి ఒకేలా ఉంటాయి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో చూపు ఫోకస్ ఇబ్బందులు మామూలే కదా. చివరికి క, మ, ల, ర, స లాంటి దూరం దూరం శబ్దాలు తీసుకుని, స్కానర్ చప్పుడు రికార్డ్ చేసి ఆ చప్పుడులోనే పైలట్ చేశాం. మొదటే చేయాల్సింది.

0, 1, 2-బ్యాక్ చాలు. 0-బ్యాక్‌లో ముందే చెప్పిన ఒక అక్షరం వినిపించినప్పుడు గుర్తిస్తే సరిపోతుంది. 3-బ్యాక్ పెడితే కొందరు మధ్యలో వదిలేస్తారు. వదిలేసిన మెదడు కూడా తక్కువే వెలుగుతుంది, మీరు దాన్ని గాయం అనుకుంటారు. స్కానర్ బయట తప్పకుండా ప్రాక్టీస్ చేయించండి.

టాస్క్ చేయలేనివాళ్ల కోసం, ఇంకా మెదడు ప్రాంతాల మధ్య అనుసంధానం చూడటం కోసం రెస్టింగ్ స్టేట్ స్కాన్ చేర్చండి. ఏ పనీ చేయకుండా పడుకున్నప్పుడు కూడా దూర ప్రాంతాలు లయగా కలిసి ఊగుతాయని 1995లో భరత్ బిస్వాల్ చూపించారు. అప్పట్లో దాన్ని నాయిస్ అని కొట్టిపారేసినవాళ్లున్నారు. కనీసం 10 నిమిషాలు తీయండి. కళ్లు తెరిచి ప్లస్ గుర్తు చూడమనండి. మూసుకోమంటే నిద్రపోతారు. రాత్రి సరిగ్గా నిద్రలేని మనిషి ఆ చీకటి గొట్టంలో ఇట్టే గురక పెడతాడు. అయ్యాక "నిద్ర పట్టిందా?" అని నిలదీసినట్టు కాకుండా మామూలుగా అడిగి రాసుకోండి.

రక్తనాళాల అనుమానానికి జవాబు కూడా ఈ మెట్టులోనే పెట్టుకోవాలి. ఊపిరి బిగబట్టే టాస్క్ అన్నింటికంటే చవక. 15 సెకన్లు బిగబట్టడం, 30 సెకన్లు మామూలు శ్వాస, ఇలా 6 సార్లు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే నాళాలు వ్యాకోచిస్తాయి, నాడీకణాలకి కొత్త పని చెప్పకుండానే బోల్డ్ పెరుగుతుంది. అది ఎంత పెరిగిందన్నదే ఆ మనిషి నాళాల సత్తా. గాలి వదిలాక బిగబట్టమనండి, పీల్చి బిగబడితే కొలత తేడా వస్తుంది. ప్రాణాయామం అలవాటున్నవాళ్లు ఒకలా, సిగరెట్ తాగేవాళ్లు ఒకలా చేస్తారు కాబట్టి ముక్కు దగ్గర ట్యూబుతో కార్బన్ డయాక్సైడ్ కొలిస్తే మంచిది. స్కానర్‌లో ఏఎస్‌ఎల్ సీక్వెన్స్ ఉంటే రక్తప్రసరణని నేరుగా కొలవచ్చు, అదీ చేర్చండి.

6. అనుమతి, స్కాన్ రోజు

ఎథిక్స్ కమిటీకి ఐసీఎమ్‌ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం దరఖాస్తు చేయాలి. దెబ్బ తగిలిన మొదటి గంటల్లో అయోమయంగా ఉన్న మనిషి సంతకానికి విలువ లేదు. తేరుకున్నాక మళ్లీ వివరించి, మళ్లీ అడగాలి. స్కాన్‌లో అనుకోకుండా ఇంకేదైనా కనిపిస్తే ఏ రేడియాలజిస్ట్ చూస్తారు, ఎవరు ఫోన్ చేస్తారు అన్నది ముందే కాగితం మీద ఉండాలి.

ఇక అసలు హడావుడి తలుపు దగ్గర. 3 టెస్లా స్కానర్ అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 60 వేల రెట్లు. "మెటల్ ఏమైనా ఉందా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. ఫోన్, బెల్టు తీసేశారుగా, వాళ్ల లెక్కలో మెటల్ అంటే అంతే. పేరుపేరునా అడగాలి. మొలతాడుకి తాయెత్తు ఉందా? దానికి పిన్నీసు వేలాడదీశారా? జడలో స్లైడులు? లోదుస్తుల హుక్కులు? పంటి క్లిప్పులు? వెల్డింగ్ పని చేశారా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా? మంగళసూత్రం, మెట్టెల సంగతి అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్‌లో చెప్పండి. ముందు రోజే తెలిస్తే చాలామంది ఇంటి దగ్గరే పసుపు కొమ్ము కట్టిన తాడు వేసుకుని వస్తారు. తలుపు దగ్గర హఠాత్తుగా తీయమంటే పెద్దావిడ కన్నీళ్లు పెట్టుకోవడం చూశాను. ఆ తర్వాత తీసిన రెస్టింగ్ స్కాన్ ఏం రెస్టింగ్?

కాఫీ, టీ మెదడులో రక్తప్రసరణని తగ్గిస్తాయి. అలాగని రోజుకి నాలుగు టీలు తాగే మనిషిని పొద్దుటి నుంచి మాన్పిస్తే తలనొప్పితో వస్తాడు. కాబట్టి మాన్పించడం కంటే ఎప్పుడు ఎంత తాగారో రాసుకుని, రెండు గుంపులకీ ఒకే నియమం పెట్టండి. ఉపవాసం ఉన్నారా, ఏ మాత్రలు వేసుకున్నారు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, అన్నీ ఒకే ఫారంలో.

సీక్వెన్సులు త్వరగా చెప్పేస్తాను. మెదడు ఆకారం కోసం 1 మిల్లీమీటర్ టీ1, మచ్చలు, వాపు కోసం ఫ్లెయిర్, సూక్ష్మ రక్తస్రావాల కోసం ఎస్‌డబ్ల్యూఐ, బొమ్మ వంకరలు సరిచేయడానికి ఫీల్డ్ మ్యాప్, ఆ తర్వాత 2 నుంచి 3 మిల్లీమీటర్ల వోక్సెల్ (బొమ్మలోని చిన్న ఘనాకార ముక్క)తో ఫంక్షనల్ స్కాన్లు. టైముంటే ఆక్సాన్ల దారులు చూపించే డిఫ్యూజన్. నాడి, శ్వాస రికార్డ్ చేసే సెన్సార్లు తగిలించండి. మొత్తం గంట దాటనివ్వకండి. తలనొప్పితో ఉన్న మనిషి గంట తర్వాత కదలకుండా ఉండలేడు.

7. డేటా శుభ్రం చేయడం

ఫైళ్లని మొదటి రోజు నుంచే బిడ్స్ పద్ధతిలో (మెదడు స్కాన్ ఫైళ్ల పేర్లకి, ఫోల్డర్లకి అందరూ వాడే ఒకే అమరిక) సర్దండి. నాణ్యతకి ఎమ్‌ఆర్‌ఐక్యూసీ, ప్రాథమిక ప్రాసెసింగ్‌కి ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐప్రెప్ అనే సాఫ్ట్‌వేర్లు వాడండి, రెండూ ఉచితమే. రిపోర్టు వచ్చింది కదా అని ఊరుకోకుండా ప్రతి మనిషి బొమ్మనీ కళ్లతో చూడండి.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది తల కదలిక మీద. అర మిల్లీమీటర్ కదలిక కూడా దగ్గరి ప్రాంతాల మధ్య లేని అనుసంధానాన్ని పుట్టిస్తుంది, దూర ప్రాంతాల మధ్య ఉన్నదాన్ని తగ్గించి చూపిస్తుందని 2012లో పవర్ బృందం చూపించింది. నొప్పితో, చిరాకుతో ఉన్న గుంపే ఎక్కువ కదులుతుంది. "తల దెబ్బ వల్ల దూర అనుసంధానం తగ్గింది" అన్న మీ ఫలితం అచ్చం కదలిక వేసే వేషంలోనే ఉంటుంది. కాబట్టి రెండు గుంపుల సగటు కదలికని పోల్చి పేపర్‌లో రాయండి. ఎక్కువ కదిలిన ఫ్రేములు తీసేసే హద్దు, ఉదాహరణకి రెస్టింగ్‌కి 0.2 మిల్లీమీటర్లు, ఫలితాలు చూడకముందే ఖాయం చేయండి.

8. గణాంకాలు

2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించింది. వేలకొద్దీ వోక్సెల్‌లని ఒకేసారి పరీక్షిస్తూ దిద్దుబాటు చేయకపోతే ఆ చేప మెదడు కూడా "స్పందించింది". నవ్వొస్తుంది కానీ, 2016లో ఎక్లుండ్ బృందం చూపించింది నవ్వే విషయం కాదు. మనం రోజూ వాడే ఎస్‌పీఎమ్, ఎఫ్‌ఎస్‌ఎల్, ఆఫ్నీ సాఫ్ట్‌వేర్లలో క్లస్టర్ పద్ధతిని (పక్కపక్కనే వెలిగిన వోక్సెల్‌లని ఒక గుంపుగా పరీక్షించడం) వదులుగా వాడితే 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని సందర్భాల్లో 70 శాతం దాకా వెళ్లాయి. డేటా లేబుళ్లని వేలసార్లు కలగాపులగం చేసి పోల్చే పర్మ్యుటేషన్ పద్ధతి వాడండి, లేదా క్లస్టర్‌లోకి వోక్సెల్‌ని తీసుకునే పీ విలువ హద్దుని 0.001 దగ్గర గానీ, అంతకంటే కఠినంగా గానీ పెట్టండి.

ఇంకో ప్రమాదం మన చేతుల్లోనే ఉంది. ఒకే డేటాని 70 బృందాలకి ఇచ్చి అవే 9 ప్రశ్నలు అడిగితే జవాబులు చాలాచోట్ల వేరయ్యాయని 2020లో నేచర్‌లో వచ్చింది. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో నడవలేదు. అందుకే విశ్లేషణ ప్లాన్‌ని ముందే ప్రీరిజిస్టర్ చేయండి, అంటే డేటా చూడకముందే తేదీతో సహా బహిరంగంగా నమోదు చేయండి. ఎన్-బ్యాక్‌లో మీరు చూడాల్సింది గుంపు, బరువు రెండూ కలిసినప్పుడు వచ్చే తేడాని, అంటే బరువు పెరిగేకొద్దీ రెండు గుంపులూ వేర్వేరుగా స్పందించాయా అన్నదాన్ని.

9. ఎక్కువ వెలిగితే మంచిదా, చెడ్డదా?

మెకాలిస్టర్ పేపర్‌లో ఎక్కువ వెలిగింది. 2004లో మాంట్రియల్‌లో చెన్ బృందం కన్కషన్ (తల అదిరిన తేలికపాటి దెబ్బ) లక్షణాలున్న క్రీడాకారులని జ్ఞాపకశక్తి టాస్క్‌తో చూస్తే ఫ్రంటల్ ప్రాంతం తక్కువ వెలిగింది. ఎక్కువ వస్తే "మెదడు కష్టపడి భర్తీ చేసుకుంటోంది" అని, తక్కువ వస్తే "మెదడు పనిచేయలేకపోతోంది" అని రాసేస్తారు. ఏది వచ్చినా కథ సిద్ధంగా ఉందంటే ఆ కథకి బలం లేనట్టే.

భర్తీ అనే మాట వాడాలంటే కొన్ని చూపించాలి. మార్కులు రెండు గుంపులకీ సమానంగా ఉన్నాయా? సమయం కూడా సమానమేనా, లేక మెల్లగా చేసి సరిగ్గా చేశారా? ఎక్కువ వెలిగినవాళ్లే బాగా చేశారా? ఊపిరి బిగబట్టిన స్కాన్‌తో సరిచేశాక కూడా తేడా మిగిలిందా? చివరిదానికి "లేదు" అని వస్తే అది వైఫల్యం కాదు, రక్తనాళాల గురించిన ఫలితం. దాన్ని ఆ పేరుతోనే ప్రచురించండి.

10. స్కాన్ అయ్యాక అతను అడిగే ప్రశ్న

గొట్టంలోంచి బయటికొచ్చి చెప్పులేసుకుంటూ ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే. "ఏమైనా కనిపించిందా సార్?" కొందరు ఇంకాస్త ముందుకెళ్తారు. ప్రమాద పరిహారం కేసు ట్రిబ్యునల్‌లో ఉంది, ఈ రంగుల బొమ్మ ఇస్తే లాయర్‌కి చూపిస్తామంటారు. ఇవ్వడం కుదరదని ముందే సమ్మతి పత్రంలో రాసి, నోటితో కూడా చెప్పండి. గుంపుల సగటులో కనిపించే తేడాతో ఒక్క మనిషి గాయాన్ని నిర్ధారించలేం. రోజువారీ వైద్యంలో ఒక్కో రోగికి ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ వాడేంత ఆధారం లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ బృందం కూడా తేల్చింది. కేసు నడుస్తున్నవాళ్ల వివరం రాసుకోండి, శ్రద్ధగా చేస్తున్నారో లేదో చెప్పే చిన్న పరీక్ష ఒకటి టెస్టుల్లో కలపండి.

మేం ఇచ్చే కాగితంలో నాలుగు ముక్కలుంటాయి. "ఈ స్కాన్ మీ జబ్బుని నిర్ధారించేది కాదు. బొమ్మలో తేడా కనిపించకపోయినా మీ తలనొప్పి, మతిమరుపు అబద్ధమని కాదు. వాంతులు, విపరీతమైన నిద్రమత్తు, తలనొప్పి పెరగడం, చేయి కాలు బలహీనపడటం ఉంటే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. 3 నెలల తర్వాత మళ్లీ ఫోన్ చేస్తాం." రెండో వాక్యం చదివి ఒకాయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంట్లో చూపిస్తానని.